ఉన్ని ఉతికిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బట్టలు ఉతకడం అంటే ఏదో ఒక పని కాదు, అది మా మేనత్త ఏలే రాజ్యం. జంషెడ్‌పూర్‌లో భాలుబాసాలో అద్దెకుండేవాళ్ళం. రెండు గదులు, ముందు చిన్న వరండా, వెనక పెరడు. పెరట్లో కుళాయి, దాని పక్కన అరిగిపోయి నున్నబడ్డ బండ. నాన్న పనిచేసే ఉక్కు కార్ఖానా వైపు నుంచి గాలి వీచిందంటే ఆరేసిన తెల్ల బట్టల మీద సన్నటి బూడిద నుసి దిగేది. అత్త ముందు వరండాలోకి వచ్చి, పొగ ఎటు వాలుతోందో చూసి, అప్పుడు గాని తాడు మీద బట్ట వేసేది కాదు.

ఏ బట్టని ఎలా చూసుకోవాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని మా వీధిలో అనుకునేవారు. నేత చీరలకి గంజి పెట్టడం, తెల్లవాటికి నీలిమందు ముద్ద కట్టకుండా కలపడం, టెర్లిన్ చొక్కాలని పిండకుండా నీళ్ళు ఓడుతుండగానే తగిలించడం, పట్టుకి సబ్బు తగలనివ్వకపోవడం, ఇవన్నీ ఆవిడ చేతుల్లో ఉండేవి. ఎవరికీ నేర్పేది కాదు. ఉన్ని బట్టలు మాత్రం నేను బడికి వెళ్ళాక ఉతికేది. సాయంత్రం నేను వచ్చేసరికి అవి మంచం మీద పరిచిన తువాలు మీద చేతులు చాపుకుని పడుకుని ఉండేవి. ఎలా ఉతికిందో నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఉన్ని బట్టల్లో మా అమ్మ అల్లిన స్వెట్టరు ఒకటి ఉండేది. అమ్మది టెక్కలి దగ్గర పల్లె. అక్కడ చలంటే తెల్లారగట్ల దుప్పటి కాస్త బిగించి కప్పుకోవడమే. ఈ ఊరి చలి ఆమెకి కొత్త. పక్కవాటాలో ఉండే పంజాబీ ఆవిడ దగ్గర కూర్చుని, భాష రాకపోయినా వేళ్ళు చూసి అల్లిక నేర్చుకుందట. మొదట అల్లింది నాన్న స్వెట్టరే. ముదురు ఆకుపచ్చ. కొలత తప్పి ఒక చెయ్యి కొంచెం పొడుగొచ్చింది. నాన్న ఆ చేతిని లోపలికి మడుచుకుని వేసుకునేవాడు గాని, విప్పి మళ్ళీ అల్లనివ్వలేదు. నేను రెండో తరగతిలో ఉండగా అమ్మ జ్వరం తగిలి పోయింది. ఆ తర్వాత ప్రతి చలికాలం నాన్న డ్యూటీకి వెళ్ళేటప్పుడు పైన ఏ కోటు వేసినా లోపల ఆ ఆకుపచ్చ స్వెట్టరే ఉండేది.

అమ్మ పోయాక అత్త వచ్చింది. ఆవిడ నాన్నకి అక్క. భర్త రైల్వేలో పనిచేస్తూ ఖరగ్‌పూర్‌లో పోయాడు. పిల్లలు లేరు. నాన్నని కూడా చిన్నప్పుడు ఆవిడే పెంచిందట, వాళ్ళ అమ్మ ముందే పోవడంతో. నన్నూ పెంచింది. దగ్గరకి తీసుకోవడం, ముద్దాడటం ఆవిడకి చేతకాదు గాని, ఒక్క పూటైనా నన్ను ఆకలితో ఉంచలేదు. నా జడ ఎప్పుడూ వంకరగా వెయ్యలేదు. ఆవిడకంటూ ఉన్న ఒకే ఒక్క మంచి వస్తువు మెరూన్ రంగు శాలువా. చలికాలంలో సైకిళ్ళ మీద మూటలు కట్టుకుని వచ్చే కాశ్మీరీవాళ్ళ దగ్గర మావయ్య కొన్నాడట. ఎండాకాలమంతా దాన్ని పాత చీరలో చుట్టి, కలరా ఉండలు వేసి, ట్రంకు పెట్టెలో అడుగున ఉంచేది.

అమ్మ పోయిన కొన్నాళ్ళకి నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో మా వైపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పెళ్ళిళ్ళైనా తగువులైనా మావాళ్ళందరూ ఆయన దగ్గరకే వెళ్ళేవారు. ఆయనే సంబంధం తెచ్చాడు. అలా మా పిన్ని వచ్చింది. ఇరవై నిండాయో లేదో. హిందీ ఒక్క ముక్క రాదు. కుళాయి దగ్గర ఎవరైనా పలకరిస్తే నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తన ఊళ్ళో ఏటి ఒడ్డున నూలు బట్టలు ఉడకేసి ఉతికిన చేతులవి. పాత పంచెని ఇస్తే మల్లెపువ్వులా చేసి తెచ్చేది. ఉన్ని అన్నది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మొదటిసారి నాన్న స్వెట్టరు ముట్టుకుని, "ఓలమ్మ, పిల్లిపిల్లలా ఉందే!" అని నా వంక చూసి నవ్వింది.

నేను ముందు బిర్రబిగుసుకుని ఉన్నాను. కాని ఆమె నా తలకి నూనె రాసే పద్ధతి వేరుగా ఉండేది. వేళ్ళతో మెల్లగా, ఏదో ఆలోచిస్తున్నట్టు రాసేది. నాకు నిద్ర ముంచుకొచ్చేది. మెల్లగా ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. నాన్న కూడా ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, ఎప్పటిలా టిఫిన్ క్యారేజీ అత్త చేతికి ఇవ్వకుండా, ఎదురుగా ఉన్న పిన్ని చేతికి ఇచ్చాడు. ఆలోచించి చేసిన పని కాదది. అత్త చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకోవడం నేను చూశాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే జరిగింది నేను చెప్పబోయేది. బడికి చలికాలం సెలవులు. నాన్న పొద్దుటి డ్యూటీకి వెళ్ళాడు. నేను పెరట్లో ఎండలో కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. అత్త నాన్న స్వెట్టరు పట్టుకుని వచ్చింది. వచ్చి పిన్నితో మాట్లాడిన గొంతు నేనెప్పుడూ విననిది. అంత మెత్తగా ఆవిడ నాతో కూడా మాట్లాడలేదు.

"ఇదిగో పిల్లా, తమ్ముడి సొట్టరు. మసి పట్టీసింది. ఇకమీదట ఈ పనులన్నీ నువ్వే సూసుకోవాల గదా. నీళ్ళు సలసలా మరిగించి, సోడా ఏసి ఇది నానబెట్టు. తర్వాత బండకేసి గట్టిగా ఉతుకు. దెబ్బ తగిల్తేగాని ఉన్నికి మురికి ఒదల్దు."

పిన్ని కొంచెం తటపటాయించింది. "మరిగిన నీళ్ళేనా, వదినా?"

"మరేటి? మీ ఊర్లో గుడ్డలు ఎలా ఉడకేత్తావో అలాగే."

ఇంత చెప్పి అత్త శాలువా కప్పుకుని వీధి చివర ఎవరినో చూసి వస్తానని వెళ్ళిపోయింది.

పిన్ని సంతోషం నాకిప్పటికీ గుర్తే. ఆ ఇంట్లో అత్త తన చేతికి నమ్మి ఇచ్చిన మొదటి పని అది. బొగ్గుల పొయ్యి రాజేసి సత్తు డేగిసాలో నీళ్ళు పెట్టింది. నీళ్ళు కాగేలోపు స్వెట్టరుని ఒళ్ళో పరుచుకుని కుట్లన్నీ వేలితో తడిమింది. పొడుగు చెయ్యి కొలిచి చూసింది. "మీ అమ్మ అల్లిందంట గదా? కొత్తదానిలా సేసేత్తాను, సూడు," అంది నాతో. ఎంతో శ్రద్ధగా సోడా కలిపి అందులో ముంచింది. తడిసిన గొర్రె వాసన పెరడంతా కమ్ముకుంది. ఆ తర్వాత బండ మీద వేసి, తన ఊళ్ళో ఏటిగట్టున ఎంత బలంగా ఉతికేదో అంత బలంగానూ ఉతికింది. చెంపల మీద చెమట పట్టింది. ఆ చలిలో.

జాడించి పైకెత్తేసరికి అది స్వెట్టరు కాదు. దళసరి గొంగళి ముక్కలా బిగుసుకుపోయి ఉంది. అల్లిక కుట్లు కలిసిపోయి కనపడటం లేదు. చేతులు పొట్టివైపోయాయి, పొడుగు చెయ్యి ఏదో పొట్టి చెయ్యి ఏదో తెలియకుండా. మాటలు రాని పసివాడికి సరిపోయేంత ఉంది. పిన్ని రెండు పక్కలా పట్టుకుని లాగింది. రాలేదు. మోకాలు కింద అదిమి పెట్టి లాగింది. తిరిగి నీళ్ళలో ముంచింది, అలా చేస్తే వెనక్కి వస్తుందేమో అన్నట్టు. చివరికి నా వైపు తిరిగి, "ఆరితే సాగుతాదేటమ్మా?" అని అడిగింది. నాకేం తెలుసు? నేను బఠానీ తొక్కలు గుప్పెట్లో పట్టుకుని నిలబడి ఉన్నాను.

అత్త తిరిగొచ్చి చూసింది. చూసిన వెంటనే ఏడవలేదు. ఒక్క క్షణం ఆగి, గోడల మీదుగా వినపడేలా ఏడ్చింది. "సన్నీళ్ళే, సన్నీళ్ళే అని సిలక్కి సెప్పినట్టు సెప్పాను గదే! సచ్చిపోయినదాని గురుతు ఈ ఇంట్లో ఉండకూడదని సేశావు. నీ కడుపులో ఇంత విషం ఉందని నేననుకోనేదే!" చుట్టుపక్కల వాటాల వాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు. పంజాబీ ఆవిడ ఆ ఆకుపచ్చ ముద్దని గుర్తుపట్టి చెంపలు పట్టుకుంది.

పొద్దున నా చెవులతో మరిగిన నీళ్ళు అని విన్నాను. ఇప్పుడు అదే నోట చన్నీళ్ళు అని వింటున్నాను. పిన్ని ఏమైనా అంటుందని చూశాను. ఆమె నా వంక ఒకసారి చూసి తల దించేసుకుంది. అత్త కూడా చూసింది నన్ను. కోపంగా కాదు, బెదిరింపుగా కాదు. నేనక్కడ లేనట్టు, ఉన్నా నాకు నోరనేది లేనట్టు చూసింది.

నాన్న వచ్చి బూట్లు విప్పకముందే అత్త దాన్ని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన కాసేపు అదేమిటో అర్థంకానట్టు తిప్పి తిప్పి చూశాడు. ఆ తర్వాత ఒక చేతిలోకి తన చెయ్యి దూర్చబోయాడు. వేళ్ళు సగంలో ఇరుక్కున్నాయి. అలాగే వాటిని మెల్లగా బయటికి తీసి, దాన్ని కుర్చీ మీద పెట్టి, వరండా మెట్ల మీద కూర్చున్నాడు. పిన్ని టీ తెచ్చి పక్కన పెడితే ముట్టుకోలేదు.

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. "నాన్నా, అత్తే మరిగిన నీళ్ళు పెట్టమంది. సోడా వెయ్యమంది. బండకేసి కొట్టమంది. నేను విన్నాను." నాన్న వీధిలోకి చూశాడు. "మరి అత్తకి తెలీదా నాన్నా?" అన్నాను. "తెలుసు," అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి, "ఈ మాట మళ్ళీ ఎక్కడా అనకమ్మా. నన్ను పెంచింది అత్త," అన్నాడు.

ఆ రోజు నుంచి నాన్న పిన్నితో మాట్లాడటం మానేశాడు. నిజం తెలిసి కూడా. లోపల స్వెట్టరు లేకుండా పొద్దుటి డ్యూటీకి పోయి దగ్గుతూ వచ్చేవాడు. ఆ దగ్గు వినపడినప్పుడల్లా పిన్ని చేస్తున్న పని ఆపేసేది. అత్త ఆ ముడుచుకుపోయిన స్వెట్టరుని పారెయ్యలేదు. ముందు వరండాలో తలుపు పక్కన మేకు కొట్టి దానికి తగిలించింది. పాలవాడు, పక్కింటివాళ్ళు, తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచి ఎవరొచ్చినా ముందు అదే కనపడేది. "అదేటని సూత్తన్నారా? మా ఇంటి కొత్తకోడలి సేతి పని," అని మొదలుపెట్టి కథంతా చెప్పేది. కథ చెబుతున్నంతసేపూ పిన్ని లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా చెయ్యకుండా కూర్చునేది. రోజూ వాకిలి ఊడవాలన్నా, ముగ్గు పెట్టాలన్నా ఆ మేకు పక్కనుంచే వెళ్ళాలి. తల వంచుకుని వెళ్ళేది. మనిషి ఆ కొద్దిరోజుల్లోనే చిక్కిపోయింది.

అక్కడితో ఆగలేదు అత్త. బాగ్‌బేరా పెద్దాయనకి కబురు పెట్టింది. ఆయన ఒక ఆదివారం వచ్చాడు. మంచి ఎండ కాస్తోంది. వరండాలో ఆయనకో కుర్చీ, నాన్నకో కుర్చీ వేశారు. అత్త ఎండ చురుక్కుమంటోందని శాలువా తీసి వరండా కటకటాల మీద వేసి, గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. చెప్పాల్సిందంతా చెప్పింది. మేకు మీంచి స్వెట్టరు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. పెద్దాయన పిన్నిని పిలిచి, నువ్వేమంటావని అడిగాడు. పిన్ని నోరు విప్పలేదు. ఆయన మంచివాడే. గొంతు తగ్గించి, "కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రానీ. మనసులు సల్లబడ్డాక సూద్దాం," అన్నాడు. ఆ మాటకి అర్థం నాకూ తెలుసు. అలా మనసులు చల్లబడేదాకా అని వెళ్ళిన ఒకామె మా వీధికి మళ్ళీ తిరిగి రాలేదు.

తలుపు పక్కన నిలబడ్డ నేను ముందుకొచ్చాను. ఆ ఊళ్ళో పెరిగిన పిల్లలం, మాకు కోపం వస్తే హిందీయే ముందు వచ్చేది. "ఝూఠ్! సబ్ ఝూఠ్!" అని, అంతా అబద్ధమని అరిచాను. తర్వాత తెలుగులో చెప్పాను, నాన్నకి చెప్పినట్టే, ఒక్క మాట తక్కువ కాకుండా.

అత్త చలించలేదు. "సూశారా? అప్పుడే గుంటపిల్లకి అబద్ధాలు నేర్పీసింది," అంది, జాలిపడుతున్నట్టు. పెద్దాయన నన్ను పరీక్షగా చూసి నాన్న వైపు తిరిగాడు. "ఏరా, నీకేటైనా తెలుసా?"

నాన్న తన రెండు అరచేతుల వంకా చూసుకున్నాడు. "నేను డ్యూటీలో ఉన్నానండి," అన్నాడు.

అది అబద్ధం కాదు. ఆ రోజు అక్కడ చెప్పిన అబద్ధాలన్నిటికంటే నాకు ఎక్కువ తగిలింది మాత్రం అదే.

పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. బట్టలు సర్దుకోవడానికనుకున్నాం. కాని వెనక్కి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో పొయ్యి మీది డేగిసా ఉంది. ఆదివారం తలంటు నీళ్ళు, సలసలా మరుగుతున్నవి. పాతగుడ్డతో అంచులు పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ తెచ్చి, వరండా మధ్యలో అత్త ముందు పెట్టింది. కొంగులో ఉన్న సోడా అందులో గుమ్మరించింది. నీళ్ళు నురగతో పొంగాయి. లేచి వెళ్ళి కటకటాల మీంచి శాలువా తీసింది.

"వదినా, ఆ రోజు మీరెలా సెప్పారో అలాగే సేత్తాను. పెద్దాయన సూత్తన్నారు. తప్పుంటే ఇప్పుడే సెప్పండి." ఆ ఇంట్లో ఆమె గొంతు అంత స్పష్టంగా నేను వినడం అదే మొదలు. శాలువాని రెండు చేతులతో పట్టుకుని ఆవిరి మీదకి దించింది. అంచు కుచ్చులు ఆవిరికి కదిలాయి.

అత్త రెండు చేతులూ ముందుకు చాపింది. "ఒద్దే! ఏణ్ణీళ్ళలో ఉన్ని ముడుసుకుపోద్ది! సన్నీళ్ళు, సన్నీళ్ళు!"

"ఇదే మాట ఆ రోజు ఎందుకు సెప్పనేదు?"

"అది ఏరు! అది సచ్చినదాని గుడ్డ! ఇది నాది!"

పెద్దాయన చేతిలోని టీ గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు వినపడింది. అత్త తానేం అన్నదో తనకి తెలిసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నాకు గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది. గెలిచాం, అయిపోయింది, ఇక పిన్నిని ఎవరూ పంపించరు అనుకున్నాను.

పిన్ని అత్త వైపు చూడటం లేదు. నాన్న వైపు చూస్తోంది. ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. కళ్ళు నేల మీద ఉన్నాయి. ఆయన ఒక్కసారి తలెత్తి ఉంటే, ఒక్క మాట అని ఉంటే, అది అక్కడితో ఆగేదని నేను ఈనాటికీ అనుకుంటాను. ఆమె అలా చాలాసేపు చూసింది. తర్వాత చేతులు వదిలేసింది.

శాలువా మరిగే నీళ్ళలో పడింది. అత్త పీట మీంచి ఎలా లేచిందో తెలియదు, రెండు చేతులూ మణికట్ల దాకా డేగిసాలో పెట్టేసింది. అరుపు తర్వాత వచ్చింది. అరుస్తూనే శాలువాని బయటికి లాగి, పొగలు కక్కుతున్నదాన్ని గుండెకి హత్తుకుంది. "ఏమయ్యో, ఏమయ్యో," అని మావయ్యనే పిలిచింది, ఎప్పుడో పోయిన మనిషిని. నాన్న అప్పుడు లేచాడు. ఆయనా, పెద్దాయనా కలిసి శాలువా లాగెయ్యబోతే ఆవిడ వదల్లేదు. వేళ్ళ మీద తోలు దానితో పాటే వచ్చింది. అప్పటిదాకా ఉప్పొంగిన నా గుండె చప్పున చల్లారిపోయింది. నేను మెట్లు దిగి వీధిలోకి పోయాను.

సైకిల్ రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు అడిగితే, "నీళ్ళు ఒలికిపోయినాయి," అని అత్తే చెప్పిందట. పెద్దాయన వెళ్తూ వెళ్తూ నాన్నతో ఒక్క మాటే అన్నాడు: "ఇదంతా ఇద్దరికీ నువ్వే సేశావురా." పిన్నిని పంపించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ స్వెట్టరు మళ్ళీ మేకు మీద కనపడలేదు; పిన్ని దాన్ని ఏం చేసిందో నేను అడగలేదు.

అత్త చేతులు రెండూ తెల్ల గుడ్డల్లో ఉండేవి. గ్లాసు పట్టుకోలేదు, జుట్టు ముడి వేసుకోలేదు, స్నానం చేసుకోలేదు. ఆవిడకి వెళ్ళడానికి ఇంకో ఇల్లు లేదు. పిన్నే అన్నీ చేసింది. అన్నం కలిపి నోట్లో పెట్టేది. తల దువ్వేది. చీర కట్టేది. ఏ పూటా విసుక్కోలేదు, ఏ పూటా ఒక మంచి మాట అనలేదు. "తినండి" అనేది. ముద్ద దగ్గరకి వచ్చినప్పుడు అత్త కళ్ళు మూసుకుని నోరు తెరిచేది. దానికంటే ఆకలితో చావడమే ఆవిడకి నయమనిపించి ఉంటుంది. పిన్ని చేసేది సేవో, శిక్షో నాకు ఆ వయసులో అర్థం కాలేదు. ఇప్పుడు అడిగినా రెండూ కావచ్చుననే చెబుతాను. తన చేతులతో చేసిన పనిని రోజూ తన చేతులతోనే కడుగుతున్నట్టు ఉండేది ఆమె. క్షమించమని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్త పెరట్లో మంచం మీద, చేతులు దిండు మీద పెట్టుకుని కూర్చుంది. పిన్ని కుళాయి దగ్గర ఉంది. బట్టల్లోంచి నా పట్టు పరికిణీ తీసింది. అమ్మ ఉన్నప్పుడు కుట్టించినది, ఏటా అడుగున మడత విప్పి అత్త పొడుగు పెంచుతూ వచ్చింది. పిన్ని దాన్ని బకెట్లో వెయ్యబోతూ సబ్బు పొడి డబ్బా అందుకుంది. అత్త చూస్తోంది. నేను అత్తని చూస్తున్నాను. చెబుతుందా, ఊరుకుంటుందా? డబ్బా మూత తీసిన చప్పుడు వినపడింది.

"సబ్బు ఒద్దు," అంది అత్త. గొంతు బొంగురుగా ఉంది.

పిన్ని చెయ్యి ఆగింది.

"కుంకుడురసం. నురగ మాత్రమే. సన్నీళ్ళలో. నానబెట్టకు, పిండకు. నీడనెయ్యి. అంచు రంగు దిగుద్దేమో, ఆఖర్న నీళ్ళలో ఉప్పు గల్లు ఏసి జాడించు."

పిన్ని కుంకుడుకాయలు తెచ్చి కొట్టింది. కాని పరికిణీ అంతా తడపలేదు. ముందు నడుము దగ్గర, కనపడని చోట, చిన్న కొస తడిపి, ఆరేదాకా ఎండలో పట్టుకుని కూర్చుంది. అత్త అదీ చూసింది. కొస ఆరాక రంగు అలాగే ఉంది. అప్పుడు పిన్ని మిగతాది తడిపింది.

ఆ తర్వాత రోజూ అంతే. అత్త మంచం మీద కూర్చుని చెప్పేది, పిన్ని చేసేది. ఏదీ దాచుకోకుండా, తన దగ్గరున్న విద్యంతా ఆవిడ ఆ మంచం మీంచి ఇచ్చేసింది. గంజి ఎంత పలచన ఉండాలో, జరీ మడత ఎందుకు మార్చాలో, ఇస్త్రీ పెట్టె వేడిని టెర్లిన్‌కి ఎలా చూసుకోవాలో అన్నీ చెప్పింది. ఉన్ని గురించి కూడా చెప్పింది. చెబుతున్నప్పుడు మాత్రం గోడ వైపు చూసింది. అత్త చేతులు మానాయి గాని వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. తర్వాత ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు కలిసే ఉన్నారు. అత్త ఏ కొత్త బట్ట గురించి ఏం చెప్పినా, పిన్ని ముందు ఒక కొస తడిపి చూసేది. ఆఖరిదాకా అంతే. అత్త కూడా ఆ కొస ఆరేదాకా మౌనంగా ఎదురుచూసేది.

నాన్న నాకు ఏ లోటూ చెయ్యలేదు. చదివించాడు, పెళ్ళి చేశాడు, నా పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఆయన మీద నాకున్న ప్రేమ తగ్గిందని చెప్పలేను. కాని అత్తని తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, పిన్నిని తలుచుకున్నా రాదు. ఆ కుర్చీని తలుచుకుంటే వస్తుంది. ఒకావిడ స్థానం పోతుందని భయపడి క్రూరురాలైంది. ఒకామె దిక్కులేక క్రూరురాలైంది. నిజం తెలిసి, చెప్పగలిగి, ఏ భయమూ లేని మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన డ్యూటీలో ఉన్నానన్నాడు.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు మిగిలింది. అలవాటనండి, రోగమనండి. తెలిసిన మాట నా దగ్గర ఉంచుకోలేను. మా మేడ మీద ఎవరైనా కొత్త కోడలు బట్టలు ఆరేస్తుంటే అడగకపోయినా వెళ్ళి, ఇది ఇలా కాదమ్మా అని మొదలుపెట్టి మొత్తం చెప్పేదాకా కదలను. నలుగురు కూర్చుని ఎవరి మీదో తప్పు మోపుతుంటే, నేను చూసిందీ విన్నదీ అక్కడికక్కడే చెప్పేస్తాను. నా కొడుకు, "నీకెందుకమ్మా?" అంటాడు. కోడలు నా చెయ్యి నొక్కుతుంది. చుట్టాల్లో కొందరు నన్ను పిలవడం మానేశారు. పోనీ. నేను మాట్లాడాక ఇళ్ళల్లో ఏం జరుగుతుందో నాకు తెలియదు. నాలాంటి వాళ్ళు మాట్లాడకపోతే ఏం జరుగుతుందో మాత్రం మా వరండాలో నిలబడి చూశాను.